ఒక్కసారి చూసి పోయే కావలోడు

మా మనవరాలు పూజిత ఎక్కడికి పోయినా చేరినంక ఒక మిస్డ్ కాల్ ఇయ్యాలె. మా ఇంట్లో ఇది గట్టి నియమం. చేవెళ్ల బస్టాండులో బస్సెక్కి, మొయినాబాదులో దిగి, తను పని చేసే నాగేందర్ ఆఫీసు మెట్లెక్కంగనే ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తది. నేను ఎత్తను. ఆ రింగు వినేదాంక నా చేతులు పని చేస్తుంటయి గాని మనసు మాత్రం బస్సులోనే ఉంటది. ఆగలేక మధ్యలో నేనే ఫోన్ చేస్త. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు.

"అవ్వా, బస్సుల నిలబడి ఉన్న. ఒక చెయ్యితోని రాడ్ పట్టుకున్న, ఇంకో చెయ్యితోని సంచి పట్టుకున్న. నీ ఫోన్ ఏ చెయ్యితోని ఎత్తాలె?" అని తిడ్తది.

తిట్టినా నాకు మంచిగనే అనిపిస్తది. తిడుతున్నదంటే క్షేమంగ ఉన్నట్టే కదా.

ఈ భయం నాకు ఊరికె పట్టలేదు. మా ఆయన ఎల్లేశ్ మేస్త్రి పని చేసేటోడు. స్లాబ్ పని ఉన్నదని పొద్దుగాల మొదటి బస్సుకు పట్నం పోయిండు. టిఫిన్ గిన్నె నేనే చేతికిచ్చిన. ఇగ లేడన్న కబురు మూడో రోజు గాని నాకు రాలేదు. అప్పుడు మాకు ఫోన్లు లేవు. ఆ తర్వాత చాలా ఏండ్లకు నా బిడ్డకు జరమొచ్చింది. దవాఖానకు పోయేందుకు ఆటో ఎక్కిచ్చిన. "నువ్వు పిల్లదగ్గర ఉండవ్వా, నేను సూది ఏయించుకొని వస్త" అన్నది. రాలేదు. ఆ పిల్లే పూజిత. అప్పుడు దానికి నాలుగేండ్లు. దాని నాయిన మళ్ల పెండ్లి చేసుకొని షాద్‌నగర్ దిక్కు పోయిండు. ఇద్దరినీ నేనే సాగనంపిన. ఇద్దరిలో ఒక్కరూ చేరిన అని చెప్పలేదు.

పూజితను నేనే పెంచిన. అది నాకు చదువు చెప్పింది. చెప్పిందంటే, అది ఒకటో తరగతి పుస్తకం పట్టుకొని గట్టిగ చదువుతుంటే పక్కన కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతూ నేను అక్షరాలు పట్టిన. ఇప్పుడు ఏ కాగితం కనబడ్డా చదువుత. పూల అట్టడబ్బాల అడుగున పరిచే పాత పేపర్లు కూడా వదలను. మా పనోళ్లు నవ్వుతరు.

నేను పని చేసేది ముడిమ్యాలలో ప్రభాకర్ పాలీహౌసులో, అంటే ప్లాస్టిక్ కప్పేసిన పూల షెడ్డులో. అందులో జర్బెరా పూలుంటయి. గులాబీ లెక్క కత్తెరతో కొయ్యరు వాటిని. కాడను అడుగున పట్టుకొని పక్కకు వంచి లాగాలె. అప్పుడే మొక్కకు దెబ్బ తగలదు. తెంపి, నీళ్ల బకెట్లో పెట్టి, ఒక్కొక్క పూవుకు ప్లాస్టిక్ టోపీ తొడిగి, పదేసి కట్టలు కట్టాలె. ఎండకాలం షెడ్డు లోపల ఫ్యాన్లు తిరగకపోతే పావుగంటలో పూలు తల వాలుస్తయి.

ఆ ఫ్యాన్లను నడిపేది గోడకు బిగించిన ఒక ఇనుప డబ్బా. ఆ డబ్బా నాగేందర్ కంపెనీది. మొయినాబాదులో ఎరువుల దుకాణం మీద రెండు గదులు, నలుగురు మనుషులు, అంతే ఆ కంపెనీ. అందులో ఒకతి మా పూజిత.

"డబ్బా లోపల ఒక చిన్న కంప్యూటర్ ఉంటదవ్వా," అని నాకు చెప్పింది ఒకసారి. "అందుల నాలుగు ప్రోగ్రాములు. ఫ్యాన్లకొకటి, నీళ్లకొకటి, మంచులెక్క నీళ్లు చిమ్మేదానికొకటి, ఫోనుకు మెసేజ్ పంపేదానికొకటి. టిఫిన్ క్యారేజీల గిన్నెలు పెట్టినట్టు దేని సామాను దాని గిన్నెలనే ఉంటది. దాన్ని మేం కంటైనర్ అంటం. కొత్త ప్రోగ్రాం తయారైతే పాతదానికి అతుకులు వెయ్యం. పాత గిన్నె తీసేసి కొత్త గిన్నె పెడ్తం."

"ఎవరు పెడ్తరు? నువ్వు పోయి పెడ్తవా?"

"ముందట ఎవరో ఒకరు బండి మీద పోయేటోళ్లు. ఇరవై మూడు షెడ్లు తిరగాలె. ఇప్పుడు అక్కర్లేదు. దానికి నేనొక ప్రోగ్రాం రాసిన."

దాని పేరు ఇంగ్లీషులో ఏదో పెట్టుకున్నరు. నేను మాత్రం కావలోడు అంట. అది పది నిమిషాలకొకసారి ఆఫీసును అడుగుతది, కొత్తది ఏమన్న వచ్చిందా అని. వస్తే తెచ్చి, పాతదాన్ని తీసి, కొత్తదాన్ని పెడ్తది. పొద్దూ మాపూ అదే పని. నాకు అది చాలా నచ్చింది. అన్నీ ఊరికూరికె చూసుకునే అలవాటు నాకూ ఉన్నది. తాళం వేసినంక మూడుసార్లు గుంజి చూస్త నేను.

షెడ్డులో అందరికీ చెప్పిన, ఈ డబ్బాలో నడిచేది మా పిల్ల రాసిందేనని. నాతో పూలు తెంపే అంజిలయ్యకు పదిసార్లన్న చెప్పి ఉంట. "ఇగ దండం పెట్టి కొబ్బరికాయ కొట్టరాదు జంగమ్మా," అనేటోడు.

అట్ల చెప్పుకున్న మనిషి ముందటనే ఆ బుధవారం ఫ్యాన్లు ఆగినయి.

మే నెల, పగలు ఒంటిగంట. ఒక్కసారిగ చప్పుడు ఆగింది. ఇరవై ఏండ్ల సంది మోగుతున్నది ఆగినట్టు చెవులు గుయ్యుమన్నయి. కరెంటు ఉన్నది, లైటు వెలుగుతున్నది, ఫ్యాన్లే లేవు. ప్రభాకర్ బయటి నుండి ఉరికొచ్చిండు. డబ్బాతో పని లేకుండ ఫ్యాన్లు వేసే చేతి స్విచ్చు ఎక్కడున్నదో అంజిలయ్య వెతికి వేసేసరికి పది నిమిషాలయింది. అప్పటికే పడమటి దిక్కు మూడు సాళ్ల పూలు మెడలు వంచినయి. తెల్లవారి పెండ్లి మండపానికి పోవాల్సిన పూలు అవి.

తర్వాత తెలిసిందేందంటే, ఆ మధ్యాహ్నం నాగేందర్ ఫ్యాన్ల ప్రోగ్రాంను కొత్తది తయారు చేసి ఆఫీసులో పెట్టిండు. మా కావలోడు తన అలవాటు ప్రకారం పది నిమిషాలకు అడిగిండు. వచ్చిందన్నరు. ఎండ చూడలేదు, పూలు చూడలేదు, పాతది తీసి కొత్తది పెట్టిండు. కొత్తది కండ్లు తెరిచి అన్నీ సరిచూసుకొని మొదలుపెట్టేసరికి ఆలస్యమయింది.

ప్రభాకర్ ఫోన్‌ను స్పీకర్లో పెట్టి మా అందరి ముందు నాగేందర్‌ను కడిగిండు.

"నా షెడ్డుల నన్ను అడగకుండ చెయ్యి పెట్టుడేంది నాగేందర్? పది నిమిషాలకొకసారి తొంగి చూసుడేంది? నా మనిషి పిలిస్తే రావాలె. ఒక్కసారి చూడాలె. పని ఉంటే చెయ్యాలె. పోవాలె. గంతే!"

"ప్రభాకరన్నా, జర ఆగు, నేను చెప్పేది..."

"వారం ఆగుత. మళ్లొక్కసారి ఫ్యాన్లు ఆగినయంటే డబ్బా గోడకెల్లి ఊడబీకుత. నేనొక్కణ్నే కాదు, ఆలూరోళ్లకు చెప్త, చిల్కూరోళ్లకు చెప్త."

నేను బకెట్ల వెనక కూర్చొని వాలిన పూలు ఏరుతున్న. అంజిలయ్య వచ్చి నా పక్కన కూర్చొని తనూ ఏరుడు మొదలుపెట్టిండు.

సాయంత్రం పూజిత ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండ గడప మీద కూర్చున్నది. ప్రభాకర్ డబ్బా తీసేస్తే మిగిలినోళ్లూ తీసేస్తరని, మళ్లొకసారి ఆగితే కావలోణ్ని ఇరవై మూడు షెడ్ల నుండీ తీసేసుడేనని నాగేందర్ అన్నడంట. మళ్ల బండి మీద మనిషిని పంపుడే. రెండేండ్ల పని అది మా పిల్లకు. కాలేజీ అయిపోయినంక తనంతట తాను రాసిన మొదటి పని.

"నీ తప్పు ఏమున్నది బిడ్డా? మిట్టమధ్యాహ్నం కొత్తది పెట్టింది నాగేందరే కదా," అన్న.

"పెట్టింది నాగేందరన్ననే. ఎవ్వరిని అడగకుండ మార్చేటట్టు రాసింది నేను," అన్నది.

నాకు ఆ మాట గుండెలో దిగింది. బాధతో కాదు. వేరేవాళ్ల మీదికి నెట్టే సందు ఉండి కూడా నెట్టలేదు నా మనవరాలు.

ఆదివారం ఇంట్లోనే కూర్చొని రాసింది. నేను చింతపండులో గింజలు తీస్తూ పక్కనే ఉన్న.

"ఇదిగో అవ్వా, ఇగనుండి కావలోడు షెడ్డుల ఉండడు. డబ్బాకు ఒక బటన్ పెడుతున్నం. షెడ్డు మనిషి నొక్కితే లేస్తడు. నాలుగు గిన్నెలు ఒక్కసారి చూస్తడు. మార్చాల్సింది ఉంటే మారుస్తడు. పాతది పారేస్తడు. పోతడు."

"పోతడా? మళ్ల చూడడా?"

"చూడడు."

"అయ్యో, అట్లెట్ల?"

"అదే కదవ్వా ప్రభాకరన్న అడిగింది. ఒక్కసారి."

నాకు మనసొప్పలేదు. కాని అది చదువుకున్న పిల్ల, నేను చింతపండు గింజలు తీసే మనిషిని. నోరు మూసుకున్న.

మంగళవారం పొద్దున ఆరుకు పూజిత నాతో షెడ్డుకొచ్చింది. ప్రభాకర్ చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డడు. ఆ రోజు మార్చేది ఫ్యాన్ల ప్రోగ్రాం ఒక్కటే, మళ్ల కొత్తది తయారయింది. బటన్ నొక్కింది. డబ్బాకు చిన్న తెర ఒకటి ఉన్నది. దాని మీద 'పని అయిపోయింది' అని వచ్చింది. నిమిషం కూడా పట్టలేదు.

"గిదీ పనంటే," అన్నడు ప్రభాకర్. చాయ్ తెప్పిచ్చిండు. చాయ్ తాగి పూజిత ఆఫీసుకు పోయింది. మిస్డ్ కాల్ కూడా టైంకే వచ్చింది. నేను హాయిగ పూలు తెంపుకుంటున్న.

పొద్దుగాల షెడ్డు చల్లగ ఉంటది కాబట్టి ఫ్యాన్లు తిరగవు. వేడి ముప్పై రెండు దాటితే వాటంతట అవే మొదలైతయి. ఎనిమిదిన్నరకు నా మెడ వెనక చెమట కారింది. రోజూ నాకు చెమట పట్టకముందే ఫ్యాన్లు తిరుగుతయి. పోయి ఫ్యాన్ కింద నిలబడ్డ. రెక్కలు కదలలేదు. ఇంకో ఫ్యాన్ కిందికి పోయిన. అదీ అంతే.

ఎవ్వరూ చూడలేదు ఇంకా. చీర చెంగు చాటుకు పెట్టుకొని పూజితకు ఫోన్ చేసిన.

"బిడ్డా, ఫ్యాన్లు తిరుగుతలేవు. నేను మెల్లగ చేతి స్విచ్చు వేస్త. ప్రభాకర్‌కు తెల్వదు ఇంక. నువ్వు ఆడికెల్లి ఏదన్న చెయ్యి."



"స్విచ్చు వెయ్యి అవ్వా. వేసి, సక్కగ ప్రభాకరన్న దగ్గరికి పోయి చెప్పు. దాచకు."

"ఊడబీకుతడు బిడ్డా!"

"పీకనీ. పూలు ఆయనవి కదవ్వా."

నేను పోయి చెప్పిన. చెప్పేటప్పుడు తల వంచుకోలేదు. పూలు పాడు కాలేదు కాబట్టి ప్రభాకర్ కేకలు పెట్టలేదు. నన్నే కాసేపు చూసి, "నువ్వు చూడకపోతే పదిగంటలకు అన్ని ఖతమయ్యేటివి," అన్నడు. తర్వాత, "సోమవారం దాంక ఆగుత. అది గూడ నువ్వొచ్చి చెప్పినవని," అన్నడు. ఆ మధ్యాహ్నమే నాగేందర్ మనిషిని పంపి పాత ప్రోగ్రాంనే మళ్ల పెట్టిచ్చిండు.

తెల్లవారి బుధవారం పూజిత బస్సెక్కి పోయింది. ఏడున్నరకు రావాల్సిన రింగు రాలేదు. ఎనిమిదయింది. చేసిన. ఎత్తలేదు. మళ్ల చేసిన. పదిహేడుసార్లు చేసినట్టు తర్వాత ఫోన్లో చూసుకున్న. పూవు లాగితే మొక్క మొత్తం వేరుతో సహా చేతిలోకి వచ్చింది. నాలుగు నెలల మొక్క. దాన్ని చూసేసరికి నా వల్ల కాలేదు. అంజిలయ్యకు బకెట్ అప్పజెప్పి రోడ్డు మీదికొచ్చి, ఆటో పట్టుకొని, బస్సు పట్టుకొని మొయినాబాదులో దిగిన. దారి పొడుగుతా ఎక్కడన్న రోడ్డు మీద జనం గుమిగూడి ఉన్నరా అని చూసుకుంటనే పోయిన.

ఎరువుల దుకాణం పక్కన మెట్లెక్కి తలుపు నెట్టేసరికి పూజిత కంప్యూటర్ ముందు కూర్చొని ఉన్నది. జుట్టు కూడా దువ్వుకున్నట్టు లేదు. ఫోన్ సంచిలో మూలుగుతున్నది.

"అవ్వా? నువ్వేంది ఇక్కడ?"

నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. కోపమే ముందు బయటపడ్డది.

"రింగు ఏది? నీ రింగు ఏది?"

నాగేందర్ కుర్చీలో నుండి లేచిండు. "అవ్వా, మిస్డ్ కాల్ కోసం పని విడిచిపెట్టి వచ్చినవా? మేమంత ఇక్కడ తలలు పట్టుకొని కూసున్నం. జర నీళ్లు తాగు."

"నీళ్లు తర్వాత. అది బస్సెక్కింది, నేను చూసిన. ఎక్కినంక చేరినట్టు చెప్పొద్దా? ఎక్కిచ్చుడు ఒక్కటే అయితే నా పని అయిపోయినట్టా?"

"అవ్వా, మర్చిపోయిన. నిన్న ఫ్యాన్ల ప్రోగ్రాం ఎందుకు పడిపోయిందో చూస్తున్న," అన్నది పూజిత, అందరి ముందు సిగ్గుతో. "అది లేచింది. ఎనిమిది సెకన్లు ఉన్నది. తర్వాత పడిపోయింది. కావలోడు లేచిందని చూసి వెళ్లిపోయిండు. ఆఫీసుల పెట్టి చూస్తే పడతలేదు. మీ షెడ్డుల్నే పడుతున్నది."

"లేచిందని చూసి పోయిండా? బస్సెక్కిందని చూసి పోయినట్టే కదనే అది! దిగిందో లేదో చూసిండా?"

నేను కోపంలో అన్న. పూజిత నా దిక్కు చూడలేదు. తెర దిక్కు చూస్తూ ఉండిపోయింది. నాకు భయమేసింది, అందరి ముందు మాటన్ననని.

కాసేపటికి, "అవ్వా," అన్నది మెల్లగ. "నా రింగు రాకపోతే నువ్వేం చేస్తవ్?"

"ఏం చేస్త? ఆగుత. అరగంట ఆగుత. తర్వాత ఇగో, గిట్ల వస్త."

"వచ్చి?"

"వచ్చి ఇంటికి తీస్కపోత. ఇంకేం చేస్త?"

"తీస్కపోయినంక?"

"తీస్కపోయి, అన్నం పెట్టి, మంచిగున్నవని చూసి, అప్పుడు నా పనికి నేను పోత."

నాగేందర్ అప్పటిదాంక నవ్వుతున్నోడు నవ్వు ఆపిండు. గోడకున్న తెల్ల బోర్డు దగ్గరికి పోయి పాతది తుడిచేసి పెన్ను పూజిత చేతికిచ్చిండు. పూజిత రాసుడు మొదలుపెట్టింది. ఇంగ్లీషులో రాసింది గాని నాకోసం ఒక్కొక్క గీత తెలుగులో చెప్పుకుంటూ రాసింది. కావలోడు ఒక్కసారే వస్తడు. కొత్తది పెడ్తడు. పెట్టి పోడు. అది పని మొదలుపెట్టిన అని చెప్పేదాంక మూడు నిమిషాలు నిలబడ్తడు. చెప్పకపోతే పాతదాన్నే తెచ్చి పెడ్తడు. అందుకే పాతదాన్ని అప్పటిదాంక పారెయ్యడు. పాతది పలికినంక, జరిగింది జరిగినట్టు తెర మీద తెలుగులో చెప్పి, అప్పుడు పోతడు.

"ఒక్కసారి అంటే ఒక్కసారే నాగేందరన్నా," అన్నది. "కాని పని మొత్తం అయినంకనే ఆ ఒక్కసారి అయినట్టు. నేను మార్చుడు వరకే లెక్కపెట్టిన."

నాకు అంతా అర్థమయిందని చెప్పను. మా పిల్ల పెన్ను పట్టుకొని నిలబడితే ఆ గదిలో ఉన్న ముగ్గురు మగోళ్లు మెడలెత్తి చూస్తున్నరు. అది అర్థమయింది. నాగేందర్ ఇచ్చిన నీళ్లు తాగి బస్సెక్కిన. ముడిమ్యాలలో దిగినంక నాగేందర్ ఫోన్ చేసిండు, "అవ్వా, చేరినవా? నీ మనవరాలు అడగమన్నది," అని.

ఆదివారం సాయంత్రం పూజిత ప్రభాకర్‌కు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్న.

"అన్నా, రేపు కొత్త ప్రోగ్రాం మళ్ల పడిపోవచ్చు. మీ షెడ్డుల ఎందుకు పడుతున్నదో నాకింక పూర్తిగ దొరకలే. పడినా ఫ్యాన్లు ఆగవు. అంత మాత్రం చెప్పగలుగుత."

"ఆగితే?"

"ఆగితే డబ్బా తీసెయ్యండి."

ఫోన్ పెట్టేసినంక నేను దాన్ని గట్టిగనే తిట్టిన, పడిపోవచ్చని ముందే చెప్పుడెందుకని. అది నవ్వి, "రేపు నేను ఆఫీసులనే ఉంట. బటన్ నువ్వే నొక్కాలె," అన్నది.

"నేనా?"

"షెడ్డు మనిషే నొక్కాలని అన్నడు కదా. నువ్వు షెడ్డు మనిషివి కాదా?"

సోమవారం ఆరు కొట్టకముందే ప్రభాకర్ డబ్బా ముందట నిలబడి ఉన్నడు. అంగీ జేబులో స్క్రూడ్రైవర్ ఉన్నది. అంజిలయ్య కూడా పని విడిచి వచ్చిండు.

"కొబ్బరికాయ తెచ్చినవా జంగమ్మా?" అన్నడు.

"నీ తలకాయ ఉన్నది కదా," అన్న.

చేతిని చీరకు తుడుచుకొని బటన్ నొక్కిన. తెర వెలిగింది. అక్షరాలు ఒక్కొక్క వరస వచ్చినయి. అద్దాలు సర్దుకొని గట్టిగ చదివిన.

"నీళ్ల ప్రోగ్రాం. మార్చే పని లేదు. మెసేజ్ ప్రోగ్రాం. మార్చే పని లేదు. మంచు ప్రోగ్రాం. మార్చే పని లేదు. ఫ్యాన్ల ప్రోగ్రాం. కొత్తది పెట్టిన. పలికేదాంక ఆగుతున్న."

ఆ తర్వాత ఏమీ రాలేదు. ప్రభాకర్ గడియారం చూస్తున్నడు. ఒక నిమిషమయింది. పోయిన మంగళవారం ఈపాటికి 'పని అయిపోయింది' అని చెప్పి పోయినోడే. ఇప్పుడు పోలేదు. నిలబడ్డడు. రెండు నిమిషాలయినయి. నా జీవితంలో నేను చాలా ఆగిన. బస్టాండులో ఆగిన, దవాఖాన గేటు కాడ ఆగిన. ఆ రెండు నిమిషాలు నాతోపాటు ఇంకెవరో ఆగుతున్నట్టున్నది.

మూడో నిమిషం అయిపోయింది. డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది.

"అయిపాయె," అన్నడు ప్రభాకర్. జేబులో నుండి స్క్రూడ్రైవర్ తీసి పై మర మీద పెట్టిండు.

"ఆగు అయ్యా! ఇంకా చెప్తున్నది, ఆగు!" అని ఆయన చెయ్యి పట్టుకున్న. యజమాని చెయ్యి పట్టుకున్నని తర్వాత గాని నాకు తెలివి రాలేదు. తెర మీద వరసలు మళ్ల కదిలినయి. చదివిన.

"కొత్తది పలకలేదు. దాన్ని తీసేసిన. పాతదాన్ని మళ్ల పెట్టిన. పాతది పలికింది. ఫ్యాన్లు తిరిగేందుకు తయారుగ ఉన్నయి. ఈ సంగతి ఆఫీసుకు రాసిన. నా పని అయిపోయింది, పోతున్న."



"తయారుగ ఉన్నయని అది చెప్తే అయిపాయెనా?" అన్నడు ప్రభాకర్. "మొన్న గూడ అయిపోయిందనే చెప్పింది."

నిజమే. ఎండెక్కితే గాని ఫ్యాన్లు తిరగవు. అప్పటిదాంక ఎట్ల తెలుస్తది? రెండో సాలు మొదట్లో వేడిని కొలిచే చిన్న గొట్టం ఒకటి వేలాడుతుంటది, వైరుకు కట్టి. పదిహేనేండ్ల సంది దాని పక్క నుండే పోతున్న నేను. పోయి దాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగ మూసిన. చలికాలం పూజిత చేతులు మూసినట్టు మూసిన. నా చేతులు ఎప్పుడూ వేడిగనే ఉంటయి.

తెర మీద అంకెను అంజిలయ్య చెప్తున్నడు. "ఇరవై ఎనిమిది. ముప్పై. ముప్పై ఒకటి... అయ్యో, అక్కడనే ఉన్నది. ముప్పై ఒకటే." నేను చేతుల్లోకి నోటితో ఊదిన. "ముప్పై రెండు. ముప్పై మూడు!"

పడమటి గోడకున్న పెద్ద ఫ్యాన్ ఒక్కసారి గుంజుకున్నట్టు కదిలింది. దాని వెనక రెండోది. తర్వాత మూడు, నాలుగు. షెడ్డు మొత్తం గాలి లేచింది. పూల టోపీలు గలగలమన్నయి. నేను గొట్టం విడిచిపెట్టిన. కాసేపటికి చల్లబడి, ఫ్యాన్లు వాటంతట అవే ఆగినయి.

ప్రభాకర్ స్క్రూడ్రైవర్‌ను జేబులో పెట్టుకున్నడు. "కొత్తది తనతోని కాలేదని చెప్పి, ఉన్నది ఉన్నట్టు సదిరి పోయింది," అన్నడు. "పనికి పెట్టుకున్న మనుషులు గూడ గిట్ల చెప్పిపోరు." అంజిలయ్య ఇటు అటు చూసిండు.

తర్వాత నా దిక్కు తిరిగి, "జంగమ్మా, నీకు చదువొస్తదా?" అన్నడు.

"మా పిల్ల రాసింది, నాకు చదవరాదా?" అన్న.

"ఆలూరోళ్లకు, చిల్కూరోళ్లకు నేను చెప్తనన్న కదా. చెప్త," అని నవ్వుకుంట పోయిండు.

వేడిని కొలిచే ఆ గొట్టం దగ్గరనే చిక్కు ఉన్నదని రెండు రోజులకు తేలింది. మిగిలిన షెడ్లలో కొత్త రకం ఉన్నది, మాది పాత రకం. కొత్త ప్రోగ్రాం దాన్ని గుర్తుపట్టక పడిపోయిందంట. అది పూజిత సరిచేసింది. తర్వాతి సోమవారం నేనే బటన్ నొక్కితే పచ్చలైటు వచ్చింది. ఇప్పుడు ఇరవై మూడు షెడ్లలోనూ కావలోడు పిలిస్తే వస్తడు, ఒక్కసారి చూస్తడు, పలికించి పోతడు.

కాని నాకు గుర్తున్నది ఎర్రలైటు వచ్చిన ఆ మొదటి సోమవారమే. అందరూ పనిలోకి పోయినంక నేను బయట నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయి ఫోన్ తీసిన. పూజిత నంబరు నొక్కిన. ఒక్క రింగు పోంగనే పెట్టేసిన. ఇన్నేండ్లలో నేను మిస్డ్ కాల్ ఇచ్చుడు అదే మొదలు. మళ్ల చెయ్యాలనిపించింది. రెండోసారి నొక్కబోయి ఫోన్‌ను బొడ్లో దోపుకొని సాలులోకి పోయిన.

కాడ పట్టుకొని వంచిన్నో లేదో ఫోన్ మోగింది.

"అవ్వా! ఏమైంది? ఎర్రలైటు అని ఇక్కడ కనబడుతున్నది! ఒక్క రింగు ఇచ్చి పెట్టేసినవ్, ఏమైంది? ఫ్యాన్లు తిరిగినయా? ప్రభాకరన్న ఏమన్నడు? మాట్లాడు!"

"ఒక చేతిల పూలున్నయి, ఇంకో చేతిల బకెట్ ఉన్నది," అన్న. "నీ ఫోన్ ఏ చెయ్యితోని ఎత్తాలె బిడ్డా?"